మూగజీవాల కోసం నిలబడిన నర్తకి

రుక్మిణీదేవి అరండేల్ పేరు చెప్పగానే మనలో చాలామందికి భరతనాట్యం గుర్తొస్తుంది. చీరల మీద మక్కువ ఉన్నవాళ్ళకైతే వెడల్పాటి అంచుతో నిండుగా ఉండే కళాక్షేత్ర పట్టుచీర గుర్తొస్తుంది. అయితే బరువు లాగలేక నడిరోడ్డు మీద కూలబడ్డ ఎద్దును ఎవరైనా చర్నాకోలతో బాదుతుంటే, అది నేరమని చెప్పే చట్టం మనకి ఉంది చూశారూ, దాని వెనక ఉన్నది కూడా ఈవిడే. గజ్జెకట్టిన ఆడవాళ్ళను చిన్నచూపు చూసే కాలంలో గజ్జె కట్టి, ఆ తరవాత పార్లమెంటులో నోరులేని జీవాల తరఫున నోరు విప్పిన మనిషి ఆవిడ. ఈ రెండు పనులూ వేరువేరని లోకం అనుకుంది. ఆవిడ జీవితం మొదటినుంచీ చూసుకుంటూ వస్తే రెండూ ఒకటేనేమో అనిపిస్తుంది నాకు.

మేముండేది కీసరలో. ఇంటి నుంచి చూస్తే గుట్ట కనిపిస్తుంది. గుట్ట మీద రామలింగేశ్వరుడు, ఆయన చుట్టూ కోతులు. మనుషులూ మిగతా ప్రాణులూ ఒకే చోట ఎలా సర్దుకుని బతకాలన్న ప్రశ్న మాకు పుస్తకాల్లోది కాదు, రోజూ డాబా మీదికి వచ్చేదే. అందుకే కాబోలు రుక్మిణీదేవి కథ చదువుతున్నప్పుడు నాకు మా ఊరు పదేపదే గుర్తొచ్చింది.

అడయారు మర్రి నీడలో

1904 ఫిబ్రవరి 29న మధురైలో పుట్టారు రుక్మిణీదేవి. నాలుగేళ్ళకోసారి వచ్చే పుట్టినరోజన్నమాట. తండ్రి నీలకంఠశాస్త్రి ప్రజాపనుల శాఖలో ఇంజనీరు. తల్లి శేషమ్మాళ్‌ది సంగీతానికి పుట్టిల్లయిన తిరువయ్యారు. తండ్రి దివ్యజ్ఞాన సమాజంలో చేరి, ఉద్యోగం నుంచి రిటైరయ్యాక సంసారాన్ని మద్రాసులోని అడయారుకు మార్చారు. పెద్ద మర్రిచెట్టూ, నదీ, సముద్రమూ ఉన్న ఆ తోటలో అనీబిసెంట్ వంటివాళ్ళ మధ్య పెరిగింది ఆ పిల్ల. మన మదనపల్లెలో పుట్టిన జిడ్డు కృష్ణమూర్తి కూడా ఆ తోటలో తిరిగినవారే.

అక్కడే జార్జ్ అరండేల్ పరిచయమయ్యారు. ఇంగ్లీషు మనిషి, కాశీలోని సెంట్రల్ హిందూ కాలేజీకి ప్రిన్సిపాలుగా చేసినవారు. 1920లో వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకునేసరికి ఆవిడకి పదహారు, ఆయనకి నలభై దాటాయి. బ్రాహ్మణుల పిల్ల తెల్లవాడిని చేసుకోవడమేమిటని మద్రాసు అట్టుడికిపోయింది. పత్రికలు రాశాయి, బంధువులు దూరమయ్యారు. ఆ వయసు తేడా ఇప్పుడు మనకీ మింగుడుపడదు. ఏమైనా ఆ పెళ్ళి వల్ల ఆవిడకు ఒక సంగతి చిన్నతనంలోనే తెలిసొచ్చింది. ఊరు వెలేసినంత మాత్రాన ప్రాణం పోదని. ముందు ముందు ఆవిడ చేసిన పనులన్నిటికీ ఆ ధైర్యం పెట్టుబడి అయింది.

హంస చూపిన దారి

భర్తతో కలిసి దేశదేశాలు తిరిగారు. 1928లో బొంబాయిలో రష్యన్ నర్తకి అన్నా పావ్లోవా ప్రదర్శన చూశారు. తరవాత ఆస్ట్రేలియా వెళ్ళే ఓడలో ఇద్దరూ కలిశారు. పావ్లోవాకి ప్రపంచమంతా పేరు తెచ్చినది ఒక హంస చనిపోయే ఘట్టం. కొద్ది నిమిషాల నృత్యమే. రెక్కలు సడలిపోవడం, మెడ వాలిపోవడం, చివరి ఊపిరి, అంతే. కథ లేదు, రాజు లేడు, రాణి లేదు. ఒక పక్షి చావు కోసం హాళ్ళు హాళ్ళే కంటతడి పెట్టేవట.

పావ్లోవా లండన్‌లోని తన ఇంటి తోటలో, చిన్న కొలనులో హంసల్ని పెంచుకునేది. వాటిలో జాక్ అనే హంస ఆవిడ ఒళ్ళో తల పెట్టుకున్న ఫోటోలు ఇప్పటికీ దొరుకుతాయి. ప్రాణాన్ని దగ్గర నుంచి చూసినవాళ్ళకే దాని కదలిక ఒంటికి పడుతుందని ఆ ఫోటోలు చూస్తే అర్థమవుతుంది.

రుక్మిణీదేవి ఆవిడ బృందంలోని క్లియో నోర్డి దగ్గర బ్యాలే నేర్చుకోవడం మొదలుపెట్టారు. అయితే పావ్లోవా ఇచ్చిన సలహా వేరు. పరాయి నృత్యం ఎంత నేర్చినా, నీ దేశపు నాట్యం ఏమిటో వెతుక్కోవాలి సుమా అని చెప్పింది. అప్పటికి ఆవిడకి మన నాట్యం గురించి పెద్దగా తెలియదు. పెద్దింటి ఆడపిల్లలు ఆ వైపు చూడకూడని రోజులు మరి.

సదిరు మేళం నుంచి

1933లో మద్రాసు మ్యూజిక్ అకాడమీలో దేవదాసీ కుటుంబానికి చెందిన ఇద్దరు అక్కచెల్లెళ్ళు సదిరు ఆడారు. అది చూసి రుక్మిణీదేవి చకితురాలయ్యారు. మైలాపూరు గౌరీ అమ్మాళ్ దగ్గరా, తరవాత పందనల్లూరు మీనాక్షిసుందరం పిళ్ళై దగ్గరా శిష్యురాలయ్యారు. పిళ్ళైగారు మొదట సందేహించారు. ముప్ఫై ఏళ్ళ వయసు, పైగా ఈ కులవృత్తికి సంబంధం లేని మనిషి. పట్టుదల చూసి ఒప్పుకున్నారు.

1935 డిసెంబరులో అడయారులో దివ్యజ్ఞాన సమాజం వజ్రోత్సవ సభల్లో ఆవిడ మొదటిసారి ఆడారు. వద్దన్నవాళ్ళకి లెక్కలేదు. తిట్టడానికని వచ్చినవాళ్ళు కూడా చివరిదాకా కూర్చున్నారంటారు. 1936 జనవరిలో, చెట్టు నీడలో కొద్దిమందితో కళాక్షేత్రం మొదలైంది. ఆ నాట్యంలో పాడేవి చాలామటుకు మన తెలుగు పదాలూ, వర్ణాలూ అని మనం మరిచిపోకూడదు. క్షేత్రయ్య లేకపోతే ఆ కచేరీకి సగం ప్రాణం లేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే కథ ఒకవైపే చెప్పినట్టవుతుంది. రుక్మిణీదేవి శృంగారాన్ని తగ్గించి, భక్తిని పెంచి, దుస్తులూ వేదికా మార్చి ఆ నాట్యాన్ని పెద్దింటి పిల్లల చేతిలో పెట్టారు. తరతరాలుగా దాన్ని కడుపులో పెట్టుకు కాపాడిన దేవదాసీ స్త్రీలు మాత్రం వెనక్కిపోయారు. 1947లో మద్రాసు ప్రభుత్వం తెచ్చిన చట్టంతో గుళ్ళో వాళ్ళ ఆట ఆగిపోయింది. ఆ సంప్రదాయం నుంచే వచ్చిన మహానర్తకి బాలసరస్వతి, శృంగారాన్ని తీసేయడం తప్పని గట్టిగా వాదించారు. మన కళావంతుల ఇళ్ళలోనూ ఇదే బాధ. నోరులేని జీవాల గురించి అంత ఆలోచించిన మనిషి, పక్కనే నోరు నొక్కుకుపోయిన ఆడవాళ్ళ గురించి ఇంకొంచెం ఆలోచించి ఉండవలసింది కదా అని నాకు అనిపిస్తుంది. అనిపించినా ఆవిడ మీద గౌరవం తగ్గదు. మనుషులన్నాక అన్ని వైపులా ఒకేలా వెలుగు పడదు.

వేదిక మీద జటాయువు

1945లో భర్త పోయారు. అక్కణ్ణుంచి ఆవిడ తన శక్తినంతా నృత్యనాటకాల మీద పెట్టారు. 1955లో సీతా స్వయంవరంతో మొదలుపెట్టి 1970లో మహాపట్టాభిషేకం దాకా, పదిహేనేళ్ళలో రామాయణాన్ని ఆరు నాటకాలుగా వేయించారు. వీటికి సంగీతం కట్టడం మొదలుపెట్టింది మైసూరు వాసుదేవాచార్యులు. తెలుగులోనూ సంస్కృతంలోనూ ఎన్నో కీర్తనలు రాసిన వాగ్గేయకారుడు. 1961లో ఆయన పోయాక మనవడు రాజారాం ఆ పని పూర్తిచేశారు.

రామాయణం అంటే మనం రాముడూ సీతా అనుకుంటాం కానీ, కాస్త ఆగి చూడండి. లేడి కోసం కథ మలుపు తిరుగుతుంది. సీతను ఎత్తుకుపోతుంటే అడ్డుపడ్డది ఒక ముసలి పక్షి. సీత జాడ తెచ్చింది వానరుడు. వారధికి సాయపడ్డ ఉడత మాట పిల్లలకీ తెలుసు. రాముడు తన తండ్రికి దగ్గరుండి చేయలేకపోయిన దహనాన్ని ఆ పక్షికి చేస్తాడు. మనిషి ఒక పక్షికి కొడుకవుతాడు! ఇంతకంటే పెద్ద బంధుత్వం ఏముంది?

అలాంటి పాత్రల్ని ఆడించాలంటే భరతనాట్యపు అడుగులొక్కటే సరిపోవు. కళాక్షేత్రంలో అంబు పణిక్కర్, చందు పణిక్కర్ వంటి కేరళ గురువులు కథకళి నేర్పేవారు. ఆ కథకళి ఆవిడ నాటకాలకి ఎంతో బలమిచ్చింది. ముక్కు తగిలించుకుని, తోక పెట్టుకుని గెంతే చౌకబారు వేషాలకి అక్కడ చోటు లేదు. జంతువు పాత్ర నవ్వులాటకి వచ్చేది కాదు, రాముడి పాత్రకి ఎంత శ్రద్ధో దానికీ అంతే.

మా అమ్మాయి వారానికి రెండుసార్లు ఈసీఐఎల్ దాకా డాన్సు క్లాసుకి వెళ్తుంది. మొన్నటి వార్షికోత్సవానికి వాళ్ళ టీచరు సీతాపహరణం ఎంచుకుని, దీనికి జటాయువు వేషం ఇచ్చారు. నగలూ జడకుచ్చులూ ఉన్న సీత వేషం రాలేదని మూడు రోజులు మూతి ముడుచుకుంది. పక్షి అంటే చేతులు ఊపడం కాదు, వెళ్ళి గద్దను చూసి రమ్మన్నారు టీచరు. సాయంత్రాలు డాబా ఎక్కి గుట్ట మీద తిరిగే గద్దల్ని చూడటం మొదలుపెట్టింది. గద్ద రెక్కలు ఆడించకుండానే ఎంతసేపు తేలుతుందో, దిగేటప్పుడు కాళ్ళు ఎప్పుడు ముందుకు చాస్తుందో లెక్కపెట్టుకునేది. ప్రదర్శననాడు రెక్క తెగి పడేచోట మా అత్తగారు కొంగుతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ తరవాత మా ఇంట్లో పిల్ల పక్షుల కోసం మూకుడులో నీళ్ళు పెట్టడం ఎవరూ చెప్పకుండానే మొదలైంది. రుక్మిణీదేవి పిల్లల చదువుల్లో కళ ఎందుకుండాలన్నారో నాకు అప్పుడు బాగా అర్థమైంది. ఒకసారి పక్షిగా నిలబడి చూసిన పిల్ల పక్షిని రాయితో కొట్టలేదు.

మన తెలుగునేల నిండా ఇలాంటి కథలే. లేపాక్షిలో రాముడు జటాయువును లే పక్షీ అన్నాడంటారు. శ్రీకాళహస్తి పేరులోనే సాలెపురుగూ, పామూ, ఏనుగూ ఉన్నాయి. అక్కడి కన్నప్ప కథను రుక్మిణీదేవి 1962లో కురవంజి నాటకంగా వేయించారు. మా కీసర సంగతి సరేసరి. శివలింగం కోసం రాముడు హనుమంతుణ్ణి కాశీకి పంపితే, ఆయన వచ్చేసరికి ముహూర్తం దాటిపోతోందని శివుడే లింగం ఇచ్చాడనీ, అలిగిన హనుమంతుడు తను తెచ్చిన లింగాల్ని గుట్ట నిండా విసిరేశాడనీ మా స్థలపురాణం. హనుమంతుడి తండ్రి కేసరి పేరు మీదే ఇది కేసరిగిరి అయి, కీసర అయిందంటారు. శివరాత్రి జాతరకి వచ్చినవాళ్ళు గుట్ట మీద చెల్లాచెదురుగా ఉన్న ఆ లింగాల్ని చూసే ఉంటారు.

గజ్జెల చప్పుడు, ముక్కుతాడు

1952లో రుక్మిణీదేవిని రాష్ట్రపతి రాజ్యసభకు నామినేట్ చేశారు. అలా నామినేటయిన మొదటి మహిళ ఆవిడే. 1956లో మళ్ళీ చేశారు. 1962 దాకా ఉన్నారు. కళాకారిణి కదా, కళల గురించి మాట్లాడతారనుకున్నారు. ఆవిడ జంతువుల గురించి మాట్లాడారు.

అప్పటికి ఉన్నది 1890 నాటి బ్రిటిష్ వాళ్ళ చట్టం. అది చాలదని 1953లో జంతుహింస నివారణకు సొంతంగా ఒక బిల్లు పెట్టారు. తిండికి లేని దేశంలో పశువుల మీద ఇంత దయ ఏమిటన్న మాట అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. నెహ్రూగారు ఆవిడ వాదనను కొట్టిపారేయలేదు. ప్రభుత్వమే వివరంగా పరిశీలించి చట్టం తెస్తుందని మాట ఇచ్చి, బిల్లు వెనక్కి తీసుకోమని కోరారు. ఆవిడ ఒప్పుకున్నారు. ఊరుకోలేదు. వెంటపడుతూనే ఉన్నారు. చివరికి 1960 డిసెంబరులో జంతుహింస నివారణ చట్టం వచ్చింది. దాని కింద 1962లో జంతు సంక్షేమ మండలి ఏర్పడితే మొదటి అధ్యక్షురాలు ఆవిడే. కన్నుమూసేదాకా ఆ బాధ్యత వదల్లేదు.

ఆ చట్టంలో ఉన్నవి మన వీధి సంగతులే. పశువును కొట్టడం, మోయలేనంత బరువు వేయడం, జబ్బుపడ్డదానితో పనిచేయించడం, కదలడానికి చోటులేని బోనులో పెట్టడం, తిండీ నీళ్ళూ ఇవ్వకుండా కట్టేయడం, పెంచుకుని వీధిలో వదిలేయడం, ఇవన్నీ నేరాలు. మొదటిసారి చేస్తే యాభై రూపాయల దాకా జరిమానా అని రాశారు. 1960లో యాభై రూపాయలంటే పెద్ద మాటే. దశాబ్దాలు గడిచినా ఆ అంకె అలాగే ఉండిపోయింది. కొట్టేవాడికి భయమెందుకుంటుంది చెప్పండి?

ఆ చట్టంలోనే ఆడించే జంతువుల గురించి ఒక అధ్యాయం ఉంది. నాట్యం తెలిసిన మనిషి మనసు నాకు అక్కడ కనిపిస్తుంది. మన చిన్నప్పుడు ఎలుగుబంటిని ఆడించేవాళ్ళు వీధిలోకి వచ్చేవారు. డప్పు కొడితే అది వెనక కాళ్ళ మీద నిలబడి ఊగేది. మనం చప్పట్లు కొట్టేవాళ్ళం. ముక్కుకి కుట్టిన తాడు లాగితే కలిగే నొప్పికి అది లేచేదని అప్పుడు ఎవరు చెప్పారు! గజ్జె కట్టుకుని ఇష్టంగా ఆడటం వేరు, ముక్కుతాడు లాగితే గెంతడం వేరు. దాన్నీ ఆటే అన్నాం మనం. ఆ చట్టం ఇచ్చిన అధికారంతోనే 1998లో ఎలుగుబంట్లు, కోతులు, పులులు, చిరుతలు, సింహాలతో ప్రదర్శనలు చేయించకూడదని ప్రభుత్వం నిషేధించింది. ఆ జంతువుల మీదే బతికిన సంచార కుటుంబాలకి మాత్రం వేరే దారి చూపడం అంత త్వరగా జరగలేదు. దయ ఒక చేత్తో పెట్టాలంటే రెండో చేత్తో అన్నం కూడా పెట్టాలి.

కోతులు, పోలియో మందు

రుక్మిణీదేవి చాలాకాలం పోరాడిన మరో విషయం కోతుల ఎగుమతి. 1950లలో పోలియో టీకా తయారీకి కోతి మూత్రపిండాల కణాలు కావలసి వచ్చాయి. మన దేశం నుంచి ఏడాదికి లక్షకు పైగా కోతులు విమానాలెక్కి అమెరికాకీ, యూరపుకీ వెళ్ళేవి. దారిలోనే ఊపిరాడక చచ్చేవి చచ్చేవి. 1955లో లండన్ విమానాశ్రయంలో ఒకేసారి వందల కోతులు అలా చనిపోయాయి. హనుమంతుడికి వడమాల వేసే దేశం కోతుల్ని బుట్టల్లో కుక్కి అమ్ముకుంటోందని ఆవిడ బాధ. ఎగుమతిని పూర్తిగా ఆపేస్తున్నట్టు మొరార్జీ ప్రభుత్వం ప్రకటించి, 1978 ఏప్రిల్ నుంచి అమలుచేసింది.

ఇక్కడ ఒక తల్లిగా నేను ఆగిపోతాను. నా ఇద్దరు పిల్లల నోట్లో పోలియో చుక్కలు వేయించాను. 2014లో మన దేశం పోలియో లేని దేశమని ప్రకటిస్తే సంతోషించాను. మాకు దగ్గర్లోనే శామీర్‌పేట వైపు జీనోమ్ వ్యాలీ ఉంది. కోవాగ్జిన్ టీకా తయారైంది అక్కడి భారత్ బయోటెక్ కంపెనీలోనే. ఆ టీకాను ఇరవై కోతుల మీద పరీక్షించారు. కరోనా రోజుల్లో మా ఇంట్లో అందరం ఆ టీకానే వేయించుకున్నాం. వద్దనలేదు. అననూ లేను. అలాగని ఆ ఇరవై కోతుల సంగతి నాకు పట్టదని కూడా అనలేను.

1960 చట్టం ఇలాంటి ప్రయోగాల్ని పూర్తిగా నిషేధించలేదు. పర్యవేక్షణకు ఒక కమిటీ ఉండాలనీ, అనవసరమైన నొప్పి కలిగించరాదనీ, మత్తు ఇచ్చి చేయాలనీ, వేరే మార్గం ఉన్నచోట జంతువును వాడొద్దనీ దారి చూపింది. మనుషులకి ప్రాణం తీపి, జంతువులకీ ప్రాణం తీపే. ఈ రెంటి మధ్యా ఎక్కడ గీత గీయాలో ఇప్పటికీ తేలలేదు. కనీసం గీత ఉండాలని చట్టంలో రాయించారు. అదే చాలా పెద్ద పని.

మా ఊళ్ళో గీత ఇంకోలా ఉంటుంది. గుట్టకి వచ్చినవాళ్ళు అరటిపళ్ళు పెట్టి, ఫోటోలు తీసుకుని, పుణ్యం వచ్చిందనుకుని కార్లెక్కి పోతారు. పళ్ళకి అలవాటుపడ్డ కోతులు కొబ్బరిచిప్పలు లాక్కుని, ఆ తరవాత ఇళ్ళ మీద పడతాయి. వడియాలు ఎండబెట్టుకోలేం. మా పక్కింటి పెద్దమ్మ చేలో పల్లీ వేయడం మానేసింది, మక్క వేయడం మానేసింది. దయ గురించి ఆవిడకి నేను ఏం చెప్పగలను? నష్టపోని మనిషికి దయ సులువు. కోతికి అడవిలో తిండి లేకుండా చేసి, చేతిలో పండు పెట్టడం దయ అనిపించుకోదని ఆవిడే ఒకసారి నాకు చెప్పింది. గుట్ట చుట్టూ మేడి, రావి, నేరేడు పెరిగితే అవి మన జోలికి ఎందుకొస్తాయని ఆవిడ ప్రశ్న.

పట్టుచీర సంగతి

రుక్మిణీదేవి శాకాహారి. ప్రపంచ శాకాహార సంఘంలో ఉపాధ్యక్షురాలిగా పనిచేశారు. అయినా కళాక్షేత్రంలో ఆవిడ నిలబెట్టిన నేతలో పట్టు ఉంది. పట్టంటే కకూన్‌లోని పురుగును ఆవిరికి చంపి తీసిన దారం. మృదంగానికి తోలు కావాలి. ఏ జీవికీ హాని లేని నాట్యం, ఏ జీవికీ హాని లేని చీర దొరకడం కష్టం. నాకూ పెళ్ళిపట్టుచీర బీరువాలో ఉంది, శుభకార్యాలకి కడుతూనే ఉన్నాను.

దీనికో చిన్న తరవాయి కథ ఉంది. ఆర్. వెంకటరామన్ రాష్ట్రపతిగా ఉన్న రోజుల్లో ఆయన భార్య జానకీ వెంకటరామన్, పురుగును చంపకుండా నేసిన పట్టు ఉందా అని అడిగారట. మన హైదరాబాదులో చేనేత రంగంలో పనిచేసిన కుసుమ రాజయ్య ఆ ప్రశ్నను పట్టుకుని, చిలుక బయటికి ఎగిరిపోయాక మిగిలిన గూటి నుంచి దారం తీసే పట్టును తయారుచేయించారు. దానికే అహింసా పట్టు అని పేరు. ధర ఎక్కువ, మెరుపు తక్కువ. ఒక ఆడమనిషి అడిగిన ప్రశ్న నుంచి అది పుట్టిందన్న మాట మనకి ముచ్చటే కదా!

రాష్ట్రపతి భవనం వద్దని

1977లో రాష్ట్రపతి పదవికి నిలబడమని ప్రధాని మొరార్జీ దేశాయ్ ఆవిడని కోరారు. ఒప్పుకుని ఉంటే దేశానికి మొదటి మహిళా రాష్ట్రపతి అయ్యేవారు. ఆవిడ వద్దన్నారు. ఆ ఏడు మన నీలం సంజీవరెడ్డిగారు పోటీ లేకుండా రాష్ట్రపతి అయ్యారు. ఆ పీఠం మీద ఒక మహిళను చూడటానికి దేశం ఇంకో ముప్ఫై ఏళ్ళు, 2007 దాకా ఆగింది.

అంత పెద్ద పదవిని ఎందుకు కాదన్నారో తిరువాన్మియూరులోని కళాక్షేత్రం చూసినవాళ్ళకి తెలుస్తుంది. సుమారు వంద ఎకరాల ఇసుకనేలలో చెట్లు పెంచి, ఆ నీడలో పాకలు వేసి పాఠాలు చెప్పించారు. అక్కడ చదువుకున్నవాళ్ళలో మన మదనపల్లెలో పుట్టిన యామినీ కృష్ణమూర్తి ఒకరు. అక్కడి నుంచి బయటికి వచ్చి తన దారిలో నడిచి, కూచిపూడికీ భరతనాట్యానికీ దేశమంతా పేరు తెచ్చిన ఆవిడ 2024లో కన్నుమూశారు.

పద్మభూషణ్, సంగీత నాటక అకాడమీ పురస్కారం వంటివి రుక్మిణీదేవికి ఎన్నో వచ్చాయి. ఎనభై దాటినా పాఠాలూ, రిహార్సళ్ళూ, జంతు సంక్షేమ మండలి సమావేశాలూ ఆపలేదు. 1986 ఫిబ్రవరి 24న మద్రాసులో వెళ్ళిపోయారు. 1993లో పార్లమెంటు కళాక్షేత్రాన్ని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తిస్తూ చట్టం చేసింది.

మనకి చట్టాలు చేసే అధికారం లేదు, వేదికలూ లేవు. కానీ ఎండాకాలంలో గోడ మీద ఒక మూకుడు నీళ్ళు పెట్టొచ్చు. మిగిలిన అన్నాన్ని ప్లాస్టిక్ కవరులో ముడివేసి ఆవు ముందు పడేయకుండా ఉండొచ్చు. గుళ్ళో కోతికి పండు ఇచ్చే బదులు ఆ డబ్బుతో గుట్ట కింద ఒక మొక్క నాటించి, అది నిలిచేదాకా నీళ్ళు పోయించొచ్చు. పిల్లలు కుక్కపిల్ల తోకకి టపాకాయ కడుతుంటే ఇంట్లోంచి బయటికి వచ్చి అది తప్పనీ, చట్టప్రకారం నేరమనీ చెప్పొచ్చు. మా పక్కింటి పెద్దమ్మ ఈ వానాకాలం తన చేను గట్టు మీద నాలుగు నేరేడు మొక్కలు పెట్టింది. అవి కాపుకి వచ్చేసరికి ఏళ్ళు పడుతుందని ఆవిడకి తెలుసు. అప్పటిదాకా గులేరు కూడా దగ్గరే పెట్టుకుంటానంది నవ్వుతూ.